ఈశాన్యంలో నల్లబండలు

ఒక అబద్ధం కొన్నేళ్లుగా నా మెడకు గుదిబండలా వేలాడుతోంది. మోసీ మోసీ విసుగొచ్చింది. ఎక్కడో ఒకచోట దించాలి. బావ ముందు దించలేను. అక్క ముందు అసలే దించలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

చిక్కబళ్ళాపురంలో నాది ఇంటీరియర్ పని. రెట్రో, అంటే పాతకాలపు అలంకరణ, నాకు ప్రాణం. నారింజరంగు కుర్చీలు, గోడమీద పళ్లేలంతేసి గుండ్రాలు, ఆవపిండి రంగు తెరలు. ఇల్లంతా తెల్లగా, ఆసుపత్రిలా ఉండాలనే వాళ్లతో పోట్లాడి మరీ రంగులు వేయించేదాన్ని. రంగంటే ఎందుకండీ అంత భయం అని వాళ్లను ఆటపట్టించేదాన్ని. ఆ నోటితోనే నేను ఏం చేశానో చూడండి.

మా అక్కది బాగేపల్లిలో పాత ఇల్లు. బావ వాళ్ల నాన్నకు శెనక్కాయల వ్యాపారం కలిసొచ్చిన రోజుల్లో కట్టించింది. నేలంతా రంగురంగుల సిమెంటు బండలు. నడవలో పసుపు గళ్లు, వంటింట్లో ఎర్రటి నేలమీద అరచేయంత తెల్లపూలు. ఈశాన్యం మూల దేవుడి గది దగ్గర మొదలై, గోడవెంటే వంటింటి దాకా ఒక నల్లబండల పట్టీ. అక్క కళ్లు నడివయసులోనే మసకబారాయి. బెంగళూరులో చూపించాం. నరం దెబ్బతింది, పోయిన చూపు తిరిగి రాదన్నారు. ముఖాలు ఆనేవి కావు. ముదురు రంగులు మాత్రం ఆనేవి.

అప్పుడే నాకు నంది కొండ దగ్గర ఒక కాఫీ హోటల్ పని వచ్చింది. నాకు వచ్చిన మొదటి పెద్ద పని అదే. యజమానికి అన్నీ పాతకాలం పద్ధతిలో కావాలి. నేలకు మాత్రం అసలైన పాత బండలే కావాలి. ఊళ్లన్నీ తిరిగాను. దొరికినవన్నీ పగిలినవో, వెలిసినవో. అక్క ఇంట్లోవి నిన్న పరిచినట్టున్నాయి. ఇస్తావా అని సూటిగానే అడిగాను. అక్క నవ్వింది. కాలికింద ఎరుపు కనబడితే వంటిల్లు, నలుపు తప్పితే గోడకు కొట్టుకున్నట్టు, అవి పీకేస్తే యాడికని పోయేది అంది.

అంటే నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

మా వైపు ఇంటికి సున్నం కొట్టించాలన్నా ముందు వాస్తు అడుగుతారు. మా పనిలో అదొక చిన్న ఆయుధం. నాకు నచ్చని అలమరను ఎన్నిసార్లు ఆగ్నేయం పేరు చెప్పి తీయించానో! దానివల్ల ఎవరికీ చెడు జరగలేదనుకునేదాన్ని. నిజంగా జరగలేదా, నేను వెనక్కి తిరిగి చూడలేదా? కొన్నాళ్లాగి మళ్లీ బాగేపల్లి వెళ్లాను. బావ, అక్క ఇద్దరూ ఉండగా చెప్పాను. ఈశాన్యంలో నలుపు ఉంటే ఆ ఇంటి ఇల్లాలి కళ్లకు కీడట, ఒక పెద్ద వాస్తు ఆయన చెప్పాడు, ఆ పట్టీతోపాటు నేలంతా మార్పిస్తే చూపు నిదానంగా కుదురుకుంటుందట అని. బావ ముఖం పాలిపోయింది. అక్క అరికాలితో కిందనున్న బండను ఒకసారి తడిమింది. తర్వాత, పీకించు అంది.

నా నాలుక ఎట్లా ఆడిందో ఇప్పటికీ అర్థం కాదు. పేరు కోసమా? ఆ బండలు అంత అందంగా ఉన్నందుకా? అక్క నన్ను ఎప్పుడూ అనుమానించదన్న ధీమాతోనా? మూడూ నిజమే కావచ్చు. పీకిన బండలను పారేయిస్తానని చెప్పి గుట్టుగా హోటల్‌కు చేర్చాను. కొత్త నేల నేనే వేయించాను, మెరిసే తెల్లటి టైల్స్. చెల్లెలంటే ఇట్లుండాలని వీధంతా మెచ్చుకుంది. సిగ్గు లేకుండా ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఆ తెలుపులో అక్కకు ఏదీ ఆనలేదు. తలుపు ఎక్కడో, మెట్టు ఎక్కడో తెలిసేది కాదు. మంచం కోడు తగిలి కాలికి దెబ్బ, పొయ్యి తగిలి చేతికి వాత. ఆమె చూపు తీసింది జబ్బు. నడక తీసింది నేను. వంట మానేసింది. పొద్దస్తమానం వాకిట్లో కుర్చీలో కూర్చుంటుంది. బావే అన్నం వండుతాడు.

పోయిన నెల, నువ్వు చేసిన హోటల్ చూడాలని అక్క పట్టుబట్టింది. ఎన్నో సాకులు చెప్పాను. ఆఖరికి బావే కారు మాట్లాడి తీసుకొచ్చాడు. అలవాటు కొద్దీ అక్క గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. లోపలికి రెండడుగులు వేసి, నా చెయ్యి వదిలేసింది. నేను అక్కడ కూడా ఆ నల్లపట్టీని వాకిలినుంచి గల్లాపెట్టె దాకా వేయించాను. ఆమె దాని వెంబడే తిన్నగా నడిచి వెళ్లి, అక్కడ నిలబడి వెనక్కి తిరిగింది.

"అమ్మీ, ఈడ నాకు దావ తెలుస్తాండాది. మన ఇంట్లో ఉండినట్లాంటి బండలే గదా ఇవి?"

"ఆ కాలంలో అందరిండ్లలో ఇట్లాంటివే గదక్కా."

"అయ్యుంటాయిలే. నువ్వు చెప్పింది నిజమే అమ్మీ. ఆ నల్లవి పీకించినంక నా కండ్లు నిదానంగా తేటపడతాండాయి. ఇంట్లో కూర్చుంటే తెలీలేదు. ఈడికొస్తే తెలిసింది."

బావ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు దుఃఖం రాలేదు, భయం వేసింది. అప్పుడే చెప్పవలసింది. కాఫీ తెప్పించాను.

మర్నాడు అక్క ఇంట్లో గోడ పట్టుకోకుండా నడవబోయింది. చూపు వస్తోందన్న నమ్మకం మరి. మెట్టు కానరాక పడింది. మోచేతికి కట్టు కట్టారు. బావ ఫోన్ చేశాడు. కోపంగా మాట్లాడినా బాగుండేది. "బాగయితాండిందమ్మా, మళ్లీ ఇట్లయింది. ఇంకా ఏమన్నా దోషం మిగిలి ఉండాదేమో, ఆ వాస్తు ఆయన్ని ఒకమాట అడిగి చెప్పు" అన్నాడు. అడుగుతాను బావా అన్నాను.

నేను చెప్పే జవాబు కోసం వాళ్లిద్దరూ ఇంకా చూస్తున్నారు. ఎవరిని అడగను? ఆ వాస్తు ఆయన లేడు. ఎప్పుడూ లేడు. ఈ మాట అక్కతో చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. మీతో మాత్రం చెప్పగలిగాను. అంతవరకు ఊపిరి ఆడుతోంది.