"ఎవుడ్రా ఆపింది?" అని అడిగిన మా పెంచలయ్యన్న

నిన్న పొద్దున మా ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెంచలయ్యన్న స్టిక్కర్ పడింది. లుంగీ పైకి పట్టుకుని పరిగెత్తే ఆ బొమ్మే. కింద "గుండె మోటర్ ఎవుడ్రా ఆపింది? ఓం శాంతి" అని రాసి, పక్కన రెండు నవ్వే ఎమోజీలు.

జోకనుకున్నా.

అన్న నంబర్‌కి కాల్ చేస్తే వాళ్లావిడ రమణమ్మక్క ఎత్తి ఏడ్చింది. ఛాతీలో నొప్పి అంటే నెల్లూరు తీసుకెళ్తున్నారట. దారిలో ఆటోలోనే అయిపోయింది.

చావు కబురు ఇలాగా చెప్పేది? సిగ్గుండాలి!

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. పెంచలయ్యన్న అల్లూరు దగ్గర మా రొయ్యల గుంటలకి కాపలా. ఇరవై ఏళ్లు. నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతుంటే ఆ రొదలోనే హాయిగా నిద్రపోయేవాడు. సౌండ్ ఆగిందా, టక్కున లేచి కూర్చునేవాడు.

రెండేళ్ల కింద సినిమా వాళ్లొచ్చారు. క్రైమ్ కామెడీ అట. దొంగలందరికీ పూల చొక్కాలు, నల్ల కళ్లజోళ్లు. హీరో గుంట గట్టు మీద ఎర్ర సోఫాలో కూర్చుంటాడు. ఆ సోఫా అక్కడికెందుకొచ్చిందో, వాడేం దొంగిలించాడో సినిమా మొత్తం చూసినా నాకర్థం కాలేదు. లైటింగ్ మాత్రం అదిరింది.

తెల్లారేటప్పుడు షాట్. సోఫా నీడ నీళ్లలో అద్దంలో లాగా పడాలంట. అల కదలకూడదంట. అన్నని టీ తెమ్మని పంపించి, ఏరేటర్లు ఆపమన్నారు. ఆగాయి.

ఆ టైమ్‌లోనే నీళ్లలో గాలి బాగా తక్కువుంటుంది. గుంటల మీద బతికే ప్రతివాడికీ తెలుసు. "ఐదే నిమిషాలు" అన్నారు. ఇరవై అయింది. రొయ్యలు పైకి తేలాయి.

ఫ్లాస్క్‌తో వస్తున్న అన్నకి దూరం నుంచే మోటర్ల చప్పుడు ఆగిందని తెలిసిపోయింది. ఫ్లాస్క్ అక్కడే పారేసి పరిగెత్తాడు.

"ఎవుడ్రా ఆపింది? మోటర్లెయ్యండ్రా! ఊపిరాడక సస్తుండాయిరా అయ్యి!"

కెమెరా ఆన్‌లోనే ఉంది. దాన్ని స్లో మోషన్ చేసి, అన్న గొంతు మీద ట్రంపెట్ వేసి సినిమాలో పెట్టేశారు. ఆయన్ని ఒక్క మాట అడిగితే ఒట్టు. "ఎవుడ్రా ఆపింది?" వరకే ఉంచారు. రొయ్యల మాట కట్.

థియేటర్‌లో ఒకటే ఈలలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అన్న నా పక్క సీట్లోనే ఉన్నాడు.

"నేను ఏడస్తా పరిగెత్తినానబ్బయా. వీళ్లేంది, నవ్వతుండారు?"

నేనూ నవ్వుతున్నా అప్పటికి. ఆపేసి పాప్‌కార్న్ అందించా. అంతకు మించి చేతకాలేదు.

అప్పట్నుంచి కరెంటు పోతే ఆ స్టిక్కర్. పెళ్లిలో డీజే ఆగితే ఆ స్టిక్కర్. నిన్న ఆయన గుండె ఆగినా అదేనా? మనుషులేనా మీరు?

డిలీట్ చెయ్యండి. చేతులెత్తి అడుగుతున్నా. అంత ఖర్చు పెట్టి తీసిన సినిమాలో ఒక ప్రాణం పోతోందని నిజంగా అల్లాడిన మనిషి ఆయనొక్కడే. మనం ఆయన్ని చూసి నవ్వాం.

ఇంకొకటి చెప్పాలి. ఆ రోజు అన్న అన్నిసార్లు అడిగినా ఎవరూ బదులివ్వలేదు. హీరోతో సెల్ఫీ కోసం నిలబడ్డ నేను కూడా నోరు మూసుకున్నా.

అన్నా, నేనే. స్విచ్ ఆపింది నేనే.

ఈ పొద్దున నేనే వెళ్లి మోటర్లన్నీ వేసొచ్చా. చప్పుడు వినపడుతోంది కదా. ఇంక లేవాల్సిన పని లేదు, నిశ్చింతగా నిద్రపో.