ఆరో నంబరు బుట్ట

పోయిన వారం మా బాన్సువాడలో ఒక బడి వాళ్ళు ఆటల పోటీలకు బహుమతులు ఇవ్వడానికి నన్ను పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, ఢిల్లీ ఆసియా క్రీడల్లో పరుగు పందెంలో బంగారు పతకం తెచ్చిన మన ఊరి కోడలు అని మైకులో చెప్పారు. ఆ మాట నిజం కాదని నేను ఈ నలభై ఏళ్ళలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నాకు వినయం ఎక్కువ అనుకుంటారే తప్ప నమ్మరు. ఆ రోజు కూడా మైకు అందుకుని కాదు కాదు అంటే పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. అందుకే, కనీసం నా ఈడు వాళ్ళకైనా జరిగింది జరిగినట్టు చెప్పుకుందామని కూర్చున్నాను.

అప్పుడు నేను ఇక్కడి ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరును. పెళ్ళయి రెండేళ్ళు. మా ఆయన రుద్రూర్‌లో ఉద్యోగం చేస్తూ రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవారు. మా మామ వరి, చెరుకు చూసుకునేవాడు. ఢిల్లీలో జరగబోయే ఆసియా క్రీడలకు సాయం చేయడానికి హిందీ వచ్చిన డ్రిల్లు టీచర్లు కావాలని జిల్లా నుంచి కాగితం వస్తే, మా పెద్ద టీచరమ్మ, సంతలో నేను ఉర్దూలో బేరమాడటం విని ఉండటం వల్ల, నన్ను అడగకుండానే నా పేరు రాసి పంపేసింది. కోడలు లాగు తొడుక్కుని మగవాళ్ళ ముందు ఉరుకుతుందేమోనని మా అత్త రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అక్కడ అందరికీ చీరలే ఇస్తారని కాగితంలో ఉందని చదివి వినిపిస్తేగానీ ఆమె మనసు కుదుటపడలేదు. మా మామ మాత్రం సికింద్రాబాద్ దాకా వచ్చి, సకినాల డబ్బాతో సహా నన్ను రైలెక్కించాడు.

ఢిల్లీలో నాకు అప్పజెప్పిన పని బుట్టలు మోయడం. పరుగు మొదలయ్యే చోట అమ్మాయిలు పైన తొడుక్కున్న వెచ్చటి దుస్తులు విప్పి తమ తమ బుట్టల్లో వేస్తారు. ఎనిమిది మందికి ఎనిమిది బుట్టలు, ఎనిమిది మంది మేము. వాటిని ఎత్తుకుని గ్యాలరీల కింది దారిలో వరుసగా నడిచి, పరుగు ముగిసే చోటికి చేర్చాలి. అంతే పని. దానికి పది రోజులు, బుట్టల్లో ఇటుకలు వేసి మరీ, ఈల ఊదుతూ తర్ఫీదు ఇచ్చారు. నాకు అలవాటు కొద్దీ బుట్ట నెత్తిమీదికి పోయేది, మా అధికారి దాన్ని దించి నా పొట్టకు ఆనించేవాడు. అందరికీ ఒకే రంగు చీరలు, వాటి కింద తెల్లటి కాన్వాసు బూట్లు. నడిచేటప్పుడు పక్కకు చూడకూడదని నియమం ఉండటం వల్ల, ఆ క్రీడల్లో నేను మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా చూసిన పరుగు ఒక్కటి కూడా లేదు.

ఆ రోజు నాది ఆరో నంబరు బుట్ట. దూరదేశం నుంచి వచ్చిన ఒక బక్కపలచటి అమ్మాయి తన బట్టలు బుట్టలో వేసి, నా వైపు చూసి తల వంచింది. మేము గ్యాలరీ కిందికి వచ్చేసరికి ఎవరో పెద్దమనిషి వెళ్తున్నాడని మమ్మల్ని ఆపారు. అటు నుంచి ఇంకో పోటీ బుట్టల వాళ్ళు వచ్చి మాలో కలిశారు. దారి వదిలాక నేను నా ముందున్న చీరను చూసుకుంటూ బుద్ధిగా నడిచాను. నడిచి నడిచి తలెత్తి చూస్తే, చుట్టూ బల్లేలు పట్టుకున్న ఆజానుబాహులు. నేను వచ్చింది ఈటె విసిరే వాళ్ళ దగ్గరికి.

సరిగ్గా అప్పుడే మైకులో ఆరో నంబరు అమ్మాయి గెలిచిందని వినిపించింది. పతకం తీసుకోవాలంటే తన దేశపు దుస్తులు వేసుకుని నిలబడాలి, ఆ దుస్తులు నా చేతిలో ఉన్నాయి, ఆమె ఉన్నది మైదానానికి అవతలి కొసన. ఇక ఏ నియమమూ గుర్తు రాలేదు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, బుట్ట నెత్తికెత్తుకుని, బయటి దారి పట్టుకుని ఉరికాను. ఐస్‌క్రీము బండివాడు పక్కకు దూకాడు. గేటు దగ్గర పోలీసు ఆపి పాసు అడిగితే, అది ఎక్కడుందో నాకే తెలియలేదు. మన బాన్సువాడ ఉర్దూలో ఏం మొరపెట్టుకున్నానో గానీ, ఆయన అర్థం కాక నవ్వి గేటు తీశాడు.

ఆ పిల్ల తువ్వాలు కప్పుకుని చలికి వణుకుతూ, గెలిచిన మనిషిలా కాక తప్పిపోయిన పిల్లలా కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఆమె చొక్కా జిప్పు నేనే లాగాను, బూటు లేసులు కూడా నేనే కట్టాను. ఆమె తన భాషలో ఏదో అంది, నేను నా భాషలో పో బిడ్డా పో అన్నాను. వాళ్ళ జాతీయగీతం మొదలైనప్పుడు నేను గోడ వెనక ఖాళీ బుట్ట మీద కూర్చుని రొప్పుతున్నాను. ఎందుకో ఏడుపు వచ్చింది.

ఆ సంతోషంలోనే మర్నాడు ఇంటికి కార్డు రాశాను. సగం కార్డు అందరి క్షేమాలకే పోగా మిగిలిన చోట, నిన్న జన్మలో ఎన్నడూ ఉరకనంత ఉరికాను, దేవుడి దయ వల్ల బంగారు పతకం దక్కింది అని ఇరికించాను. ఎవరికి దక్కిందో రాయడానికి చోటు లేదు. ఆ కార్డును మా పోస్టుమ్యాన్ మా ఇంటికి చేర్చేలోపు దారిలో ఉన్న ప్రతి అరుగు మీదా చదివి వినిపించాడట.

నేను బాన్సువాడలో బస్సు దిగేసరికి బ్యాండు మోగుతోంది. మా బడి పిల్లలు రెండు వరుసల్లో నిలబడ్డారు. కొత్త రుమాలు చుట్టుకున్న మా మామ ముందుకు వచ్చి నా మెడలో దండ వేశాడు. నేను కాదు మామా అంటూనే ఉన్నాను, ఆ బ్యాండులో ఎవరికి వినిపిస్తుంది. ఇంటికి వెళ్ళాక మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, ఎన్ని తులాలుంటుందని మెల్లగా అడిగింది. ఏమీ లేదని చెబితే, పుట్టింట్లో దాచి వచ్చాననుకుని రెండు రోజులు ముభావంగా ఉంది.

మర్నాడు పొద్దున చెరుకు తోట గట్టు మీద మా మామకు మొత్తం చెప్పేశాను. ఊరి ముందు ఆయన పరువు పోతుందని నా భయం. ఆయన అంతా విన్నాడు. ఆ తర్వాత అడిగాడు.

“ఉరికినవా లేదా?”

“ఉరికిన మామా.”

“గంప నెత్తి మీద వెట్టుకోని?”

“వెట్టుకోని.”

“చీర గట్టుకోని?”

“ఆ.”

“గా పిల్ల ఉత్త చేతులతోనే ఉరికింది గదా. ఇగ నీకెందుకు బిడ్డా ఫికరు?”

ఆ సాయంత్రమే బస్టాండు హోటల్లో కూర్చుని అందరికీ ఉన్నదున్నట్టు చెప్పి వచ్చాడు. కానీ ఆయన చెప్పిన తీరులో ఆ దూరదేశపు పిల్ల నా వెనక ఎక్కడో వచ్చింది. దాంతో అంతకుముందు కార్డు సంగతి వినని వాళ్ళు కూడా నేనే గెలిచానని నమ్మారు.

ఇప్పుడు ఏ దేశంలో ఆటలు జరిగినా మా మనవలు అరచేతిలో చూస్తారు. ఎవరు గెలిచారో, ఎంత వెంట్రుకవాసి తేడాతో గెలిచారో ఆపి ఆపి చూపిస్తారు. పొరపాటు పడే వీలే లేదు. చూసిన మరుక్షణం వేలితో పక్కకు నెట్టి ఇంకోటి చూస్తారు. ఆ రోజు నా కోసం బస్టాండులో ఎండలో నిలబడిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, మా మామ పోయి కూడా చాలా ఏళ్ళయింది. వాళ్ళకు నిజం నచ్చజెప్పాలని ఎంత ఆరాటపడ్డానో. ఒక కోడలు ఎక్కడో గెలిచిందని విని ఊరంతా పనులు మానుకుని వచ్చి నిలబడిన ఆ పొద్దు మాత్రం, అబద్ధం కాదు.