బుల్లయ్య తుంగ పగ

బుల్లయ్యకు తుంగ కలుపు కనిపిస్తే చెయ్యి ఆగదు. దర్శిలో మేనకోడలి పెళ్లికి వెళ్లి, సరిగ్గా తాళి కట్టే వేళకు పెళ్లికొడుకు పీట కింద మొలిచిన తుంగను పీకాడు. పీట ఒరిగి పెళ్లికొడుకు పురోహితుడి ఒళ్లో పడ్డాడు. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఉంటే రెండుంటాయి.

రెండువేల సంవత్సరంలో మా పొగాకు వ్యాపారులు ఒంగోలు దగ్గర గోల్ఫ్ మైదానం వేసుకున్నారు. కాన్వెంటు ఇంగ్లీషు వచ్చన్న నేరానికి నన్ను కార్యదర్శిని చేశారు. గడ్డి పెంచే పని బుల్లయ్యది. మొదటి నెలంతా ఆయన నాతో మాట్లాడలేదు. మిరపచేలో యాభై ఏళ్లు గరిక పీకినవాణ్ణి తెచ్చి, అదే గరికకు నీళ్లు పెట్టి పెంచమన్నామని కోపం. తర్వాత దాన్ని పసిబిడ్డలా సాకాడు. ఆటలో ఎవరి కర్ర తగిలి గరిక పెళ్ల లేచినా, పరుగున వెళ్లి దాన్ని అతికించి, నీళ్లు చల్లి, కొట్టినవాడి చేత గరికకు క్షమాపణ చెప్పించేవాడు.

తుంగతో మాత్రం రాజీ లేదు. ఆరుగురు ఆడకూలీలను పెట్టుకుని రోజూ తీయించేవాడు. చిత్రమేమిటంటే, తీసినకొద్దీ తుంగ పెరిగేది. అధ్యక్షులు రాధాకృష్ణమూర్తి గారికి విసుగొచ్చింది. ఉగాది పోటీల్లోపు అది పోకపోతే బుల్లయ్యనూ కూలీలనూ మాన్పించి కలుపుమందు కొట్టించమన్నారు. నేను మందుడబ్బాలు కూడా తెప్పించి మైదానం గట్టునే దింపించాను.

మర్నాడు ఆ మాట బుల్లయ్యకు చెబుదామని పొద్దున్నే వెళ్లాను. ఆయనా కూలీలూ వంగి తుంగ తీస్తూ నన్ను చూడలేదు.

"ఎంకటరావమ్మా, గడ్డ దాకా పోమాక. పైపైన తుంచు."

"మళ్లా మొలుస్తది గదా బాబాయ్?"

"మొలవాలనే."

తుంగ ప్రాణమంతా మట్టిలోని గడ్డలో ఉంటుంది. దాన్ని వదిలేస్తే పక్షం తిరక్కుండా మళ్లీ లేస్తుంది. పత్తిచేను తొక్కిన ఎవరికైనా తెలిసిన సంగతే. కాన్వెంటులో చెప్పలేదు.

నన్ను చూసి బుల్లయ్య లేచాడు. తల దించుకోలేదు.

"ఆరిళ్లండి. పత్తి పోయిన ఏడు ఈళ్ల మగోళ్లని మందుడబ్బాలే తీసకపోయినయ్. ఇప్పుడు ఈళ్ల కూడు గూడా డబ్బాకే ఇయ్యమంటారా?"

ఆ ఆరుగురూ తలెత్తలేదు. వాళ్ల చేతులు మాత్రం ఆగలేదు. నేను చెప్పొచ్చిన మాట చెప్పకుండానే వెనక్కి తిరిగాను.

సాయంత్రం అధ్యక్షుల ముందు జన్మలో చెప్పనంత పెద్ద కోత కోశాను. దొరల దేశంలో పరువున్న మైదానాల్లో కలుపు చేత్తోనే తీయిస్తారనీ, మందు కొట్టేది గతిలేని క్లబ్బులేననీ చెప్పాను. ఆయన మీసం దువ్వుకున్నారు. అయితే ఆరుగురు మన హోదాకు తక్కువ కదా, పన్నెండు మందిని పెట్టండి అన్నారు.

బుల్లయ్య ఎగిరి గంతేస్తాడనుకుని వెళ్లి చెప్పాను. ఆయన మైదానాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసి దిగులుగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇంకో ఆరుగురు దొరకరా?" అన్నాను.

"మనుషులకేం, మా ఊళ్లోనే ఉన్నారండి. తుంగే చాలదు."