చేతుల కింద నుంచి దూరిన గొలుసు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా వాళ్ళ టీచర్ దగ్గర నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ టర్మ్ సైన్స్‌లో వస్తువులు, వాటి గుణాలు చెబుతున్నారట. తల్లిదండ్రుల్లో ఎవరైనా అలాంటి పనిలో ఉంటే ఒక ముప్పావుగంట వచ్చి పిల్లలతో మాట్లాడగలరా అని అడిగింది. నేను అప్పటికి సిడ్నీలో ఒక యూనివర్సిటీలో ప్లాస్టిక్ అణువులు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే ఉద్యోగం చేస్తున్నాను. మేముండే ద పాండ్స్ అనే పేటలో, మా వీధిలో ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఎదురింటి డాక్టర్‌గారిని పిలుస్తారు, వైఫై పోతే మా ఆయన్ని పిలుస్తారు. నా పని పేరు చెప్పి నన్ను పిలిచినవాళ్ళు అంతవరకు లేరు. ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆ నిమిషమే ఒప్పేసుకున్నాను.

రాత్రి అన్నాల దగ్గర సంగతి చెప్పాను. మా ఆయన బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను చేసే పనేమిటో తనకే పూర్తిగా అర్థం కాలేదని, ఎనిమిదేళ్ళ పిల్లలకు ఏం చెబుతానో చూడాలని ఉందని అన్నారు. మా అమ్మాయి మాత్రం చెంచా ప్లేట్లో పెట్టి నా వంక చూసింది.

"అమ్మా, ప్లీజ్, డోంట్ బి ఎంబరాసింగ్," అంది.

"నేనెందుకు ఎంబరాస్ చేస్తానమ్మా?"

"యూ ఆల్వేస్ టాక్ విత్ యువర్ హ్యాండ్స్."

చేతులు కట్టుకుని మాట్లాడతానని మాటిచ్చాను.

నిజానికి ఆ రోజుల్లో నేను చాలా హుషారుగా ఉన్నాను. ప్లాస్టిక్ అంటే పొడవాటి గొలుసుల గుట్ట. ఒక్కో గొలుసులో వందల పూసలుంటాయి. పక్కనున్న పూసలు ప్రతి పూసనీ ఎంత లాగుతున్నాయో, ఎంత నెడుతున్నాయో కంప్యూటర్ లెక్కగట్టి, దాన్ని రవ్వంత జరిపి, మళ్ళీ లెక్కగడుతుంది. అలా కోట్లసార్లు. మేము చూస్తున్నది వాడి పారేసిన ప్లాస్టిక్ గురించి. దాన్ని కరిగించి మళ్ళీ అచ్చులో పోయాలంటే అది బంకలా సాగి మొరాయిస్తుంది. అందులో కొంచెం పొట్టి గొలుసులు కలిపితే తేలిగ్గా పారుతుందా అన్నది ప్రశ్న. పారుతుందని అందరికీ తెలుసు, ఎంత తేలిగ్గా అన్నదే తెలియాలి. నా లెక్కలో అది మంచినూనెలా పారింది. పొడవాటి గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడకుండా, పెళ్ళిలో పరిచయం లేని చుట్టాల్లా మర్యాదగా తప్పుకుపోయాయి.

మా బాస్ ఆస్ట్రేలియన్. యాభై దాటిన మనిషి. పేరు పెట్టి పిలవమంటుంది, మేడమ్ అంటే వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తుంది. గ్రాఫు చూసి కనుబొమలెత్తి, ఇంకోసారి సరిచూడమంది. మూడుసార్లు సరిచూశాను. మూడుసార్లూ అదే నూనె. అప్పుడు ఆమె కూడా మెత్తబడింది. మెల్‌బోర్న్‌లో జరగబోయే సదస్సుకి సారాంశం రాసి పంపించాం. అందులో నా పేరు ముందు ఉంది. దాన్ని ఫోన్లో దాచుకుని ట్రైన్‌లో అప్పుడప్పుడూ తీసి చదువుకునేదాన్ని.

స్కూలుకి వెళ్ళిన రోజు ఎండగా ఉంది. స్లైడ్లు వేసి, రంగురంగుల పూసలు గిలగిల్లాడే వీడియో చూపించాను. పిల్లలు కార్పెట్ మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. వెనక వరసలో ఒక అబ్బాయి ఇది ఏ గేమ్ అని అడిగాడు. గేమ్ కాదని చెప్పాను. అయితే గెలిచేదెలా అని ఇంకో అమ్మాయి అడిగింది. గెలవడం ఉండదన్నాను. గదిలో ఆసక్తి అక్కడితో చచ్చిపోయింది. మా అమ్మాయి తన బూట్ల లేసులనే చూసుకుంటోంది. ఇంకా అరగంట ఉంది. నా దగ్గర ఉన్నవి పందొమ్మిది స్లైడ్లు.

ఏం తోచక, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళవచ్చా అని టీచర్‌ని అడిగాను. ఆమె కూడా ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించింది. టోపీ లేనివాళ్ళకు ఆట లేదన్నది ఇక్కడి బడుల నియమం కనుక టోపీలు వెతుక్కోవడానికే అయిదు నిమిషాలు పోయింది. బాస్కెట్‌బాల్ కోర్టు మూలల్లో నారింజరంగు కోన్లు పెట్టించి, ఇదే పెట్టె, ఇందులోంచి బయటికి పోకూడదన్నాను. ఇరవైనాలుగు మంది. ఆరుగురేసి చేతులు పట్టుకుంటే నాలుగు గొలుసులు.

మీరిప్పుడు ప్లాస్టిక్ అన్నాను. పట్టుకున్న చేయి వదలకూడదు. ఊరికే నిలబడకూడదు, ఎటో ఒకవైపు కదులుతూనే ఉండాలి. నేను చప్పట్లు వేగంగా కొడితే వేడి ఎక్కువైనట్టు, నెమ్మదిగా కొడితే చల్లబడుతున్నట్టు, ఆపేస్తే గడ్డకట్టినట్టు. చేతులు కట్టుకుంటానన్న మాట అప్పటికే గాల్లో కలిసిపోయింది.

చప్పట్లు మొదలుపెట్టాను. పిల్లలు కేకలు వేస్తూ కదిలారు. నేను అనుకున్నది ఏమిటంటే, రెండు నిమిషాల్లో నాలుగు గొలుసులూ ఒకదానికొకటి అడ్డంపడి చిక్కుపోతాయి, అప్పుడు చప్పట్లు ఆపి, చూశారా, కరిగిన ప్లాస్టిక్ బంకలా ఉండేది ఇందుకే అని చెబుతాను. మూడు గొలుసులు అలాగే ఇరుక్కున్నాయి. నాలుగోది మాత్రం హాయిగా కోర్టంతా తిరుగుతోంది. దాని ముందు ఒక పొట్టి జుట్టు పిల్ల ఉంది, ముందు పళ్ళు రెండూ లేవు. ఎక్కడ దారి మూసుకుపోతే అక్కడ ఎదుటివాళ్ళను చేతులు పైకెత్తమని చెప్పి, వాటి కిందుగా వంగి దూరిపోతోంది. వెనక అయిదుగురూ టోపీలు ఊడిపోకుండా తలలు దించుకుని రైలు పెట్టెల్లా ఆమె వెంట దూరుతున్నారు.

చప్పట్లు ఆపేసి దగ్గరికి వెళ్ళాను. అలా ఒకరి మధ్యలోంచి ఒకరు వెళ్ళకూడదని చెప్పాను.

ఆ పిల్ల ఎండకి ఒక కన్ను మూసి నా వైపు చూసింది.

"యూ నెవర్ సెడ్ వీ కుడెంట్, మిస్."

కోపంగా అనలేదు. ఉన్నమాట అంది. పక్కనున్నవాళ్ళంతా అవును, చెప్పలేదు అని తలలూపారు. నేను చెప్పిన నియమాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. చేయి వదలకూడదు, కదలాలి, కోన్లు దాటకూడదు. నిజమే. చెప్పలేదు.

అక్కడే ఆగిపోయాను. మూడుసార్లు సరిచూసినా చిక్కుపడకుండా జారిపోతున్న కంప్యూటర్‌లోని నా గొలుసులు కళ్ళ ముందు కదిలాయి. ఒకదానిలోంచి ఒకటి దూరకూడదని వాటికి చెప్పానా?

నిలబడిపోయిన నన్ను చూసి టీచర్‌కి వడదెబ్బేమోనని అనుమానం వచ్చి నీళ్ళ సీసా ఇచ్చింది. ఇరుక్కున్న గొలుసుల్లో ఒకదాని నడుమనుంచి మా అమ్మాయి గొంతు వినబడింది. "అమ్మా, ఆర్ యూ ఓకే?" అందరి ముందూ నన్ను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. బడిలో మమ్ అంటుంది.

బాగానే ఉన్నానని చెప్పి, కొత్త నియమం కలిపి ఆట మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నాలుగు గొలుసులూ ఎంత గట్టిగా ముడిపడ్డాయంటే, లంచ్ గంట కొట్టినా ఒక్కరూ బయటికి రాలేకపోయారు. చేతులు వదిలేయమని టీచర్ చెప్పినా, ప్లాస్టిక్ చేతులు వదలదు కదా అని నా మాటే ఆమెకు తిప్పి చెప్పారు. చివరికి నేనే క్షమాపణ చెప్పుకుని వాళ్ళను మళ్ళీ పిల్లల్ని చేయాల్సి వచ్చింది.

అక్కడి నుంచి యూనివర్సిటీకి వెళ్ళడానికి స్కోఫీల్డ్స్ స్టేషన్‌లో ట్రైనెక్కి సీటు దొరకగానే ల్యాప్‌టాప్ తెరిచాను. గొలుసులను మొదట పెట్టెలో వేసేటప్పుడు అడ్డదిడ్డంగా పడతాయి, కొన్ని పూసలు ఒకదానిలో ఒకటి దిగబడి ఉంటాయి. అందుకని ముందు కాసేపు అన్నీ దూదిపూసలనుకోమని కంప్యూటర్‌కి చెబుతాం. ఒకదాన్నొకటి మెల్లగా నెట్టుకుని సర్దుకుంటాయి. తర్వాత ఒకే ఒక్క వరుసలో, ఇకనుంచి మీరు గట్టి పూసలు, ఒకరిలోంచి ఒకరు దూరకూడదని చెప్పాలి. ఆ వరుస నా ఫైల్లో ఉంది. దాని ముందు చిన్న హ్యాష్ గుర్తు కూడా ఉంది. ఆ గుర్తుంటే కంప్యూటర్ ఆ వరుసను చదవదు.

అది పెట్టింది నేనే. ఏదో పరీక్ష చేద్దామని ఒక రోజు ఆ గుర్తు పెట్టి, మూడయిందని చూసుకుని, మా అమ్మాయిని బడి నుంచి తీసుకురావడానికి పరుగెత్తాను. తీసేయడం మర్చిపోయాను. అంటే నేను కొన్ని నెలలపాటు దూదిని పరిశోధించాను. మూడుసార్లు సరిచూసినప్పుడు అంకెలు చూశాను, గ్రాఫులు చూశాను, ఈ ఒక్క వరుస చూడలేదు, ఎందుకంటే అది ఉందని నాకు తెలుసు.

ల్యాప్‌టాప్ మూసేశాను. రెండు స్టేషన్లు పోయాక మళ్ళీ తెరిచాను, ఒకవేళ నేను సరిగ్గా చూడలేదేమోనని. గుర్తు అక్కడే ఉంది.

ఆ రోజు బాస్ ఊళ్ళో లేదు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ముందు గుట్టుగా సరిచేసి, లెక్క మళ్ళీ నడిపి, ఫలితం చేతిలో పెట్టుకుని అప్పుడు చెబితే ఎలా ఉంటుందని అడిగాను. పెద్ద కంప్యూటర్‌లో మన వంతు రావాలి, లెక్క పూర్తవాలి, మూడు వారాలైనా పడుతుంది. ఆయన అంట్లు డిష్‌వాషర్‌లో సర్దుతూ విన్నారు.

"బగ్ అంటే పురుగే కదా. దాచిపెడితే గుడ్లు పెడుతుంది. రేపు పొద్దున్నే చెప్పేసెయ్," అన్నారు.

పదకొండేళ్ళలో నా పని గురించి ఆయన ఇచ్చిన మొదటి సలహా అది. మర్నాడు బాస్ గదికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పేశాను. హ్యాష్ గుర్తు, దూది, సారాంశం, అన్నీ. ఆమె కాఫీ కప్పు చేతిలోకి తీసుకుని ఒక గుక్క తాగింది. ఉద్యోగం పోతుందేమోనని నేను అప్పటికే కొత్త సీవీలో మొదటి వాక్యం ఆలోచిస్తున్నాను.

"ఎవరు పట్టుకున్నారు?" అని అడిగింది.

"మూడో తరగతి అమ్మాయి," అన్నాను.

కథ చెప్పమంది. కోర్టు, కోన్లు, టోపీలు, వంగి దూరిన రైలు వరకు చెప్పేసరికి ఆమె కాఫీ కప్పు బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది. నవ్వు ఆగాక మొహం తుడుచుకుని, ముందు మెల్‌బోర్న్‌కి రాసి సారాంశం వెనక్కి తీసుకో, తర్వాతే మిగతావి అంది. నవ్వినంతమాత్రాన వదిలేసిందనుకోవడానికి లేదు. ఆ మధ్యాహ్నం నా ఫైలు తెరిపించి, మొదటి వరుస నుంచి చివరిదాకా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివించింది. ఆ రెండు గంటలు నా పీహెచ్‌డీ వైవా కన్నా కష్టంగా గడిచాయి.

కొత్త లెక్క పూర్తవడానికి నాలుగు వారాలు పట్టింది. ఈసారి గొలుసులు బుద్ధిగా చిక్కుపడ్డాయి. పొట్టి గొలుసులు కలిపితే ప్లాస్టిక్ కొంచెం తేలిగ్గా పారింది. కొంచెమే. అందరూ అనుకున్నంతే. ఫోన్లో దాచుకున్న సారాంశం చెరిపేశాను. ఒక్క పూట బెంగగా అనిపించింది, నిజం చెప్పాలంటే రెండు పూటలు.

బాస్ మా గ్రూపు మీటింగులో ఈ కథ నాచేత చెప్పించింది. అందరూ నవ్వారు. అయిపోయాక, ఎప్పుడూ మూలన కూర్చుని నోరు విప్పని ఒక పెద్దాయన నా వెనకే కారిడార్‌లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, తను ఒకప్పుడు అణువులకు హైడ్రోజన్లు పెట్టడం మర్చిపోయి కొన్ని నెలలు లెక్కలు వేశానని, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదని మెల్లగా చెప్పాడు. నేను కూడా ఎవరికీ చెప్పనన్నాను. ఆయన ఎవరో ఇక్కడ రాయలేదు కనుక మాట తప్పినట్టు కాదనుకుంటాను.

ఆ పొట్టి జుట్టు పిల్లకు థాంక్స్ చెప్పాలనుకుని బడి గేటు దగ్గర ఆమె కోసం అడిగాను. ఎవరు ఎలా చెప్పారో ఏమో, మర్నాడు వాళ్ళమ్మ నర్సు యూనిఫాంలోనే గాభరాగా నా దగ్గరికి వచ్చి, తన కూతురు ఏం పాడుచేసిందని అడిగింది. ఏమీ పాడుచేయలేదు, నా పరిశోధన బాగుచేసిందని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతా విని ఆవిడ నిట్టూర్చింది. ఇంట్లో కూడా ఇంతేనట. ఐస్‌క్రీం తినకూడదని చెబితే తినదు, తాగకూడదని చెప్పలేదని కరిగించి తాగుతుందట. ఆ పిల్ల పక్కనే నిలబడి ఊడిన పళ్ళ సందులో నాలుక పెట్టి వింటోంది. నేను థాంక్స్ చెప్పి చేయి చాపాను. పెద్దమనిషిలా చేయి కలిపింది. ఆ కంప్యూటర్ ఎంత పెద్దది, దానికి చేతులుంటాయా అని అడిగింది. ఉండవన్నాను. ఇక ప్రశ్నలు లేవన్నట్టు బ్యాగు వాళ్ళమ్మకిచ్చి పిల్లలు వేలాడి ఆడుకునే మంకీ బార్స్ వైపు పరుగెత్తింది.

టర్మ్ చివర్లో బడి నుంచి తల్లిదండ్రులందరికీ ఒక నోటీసు వచ్చింది. పిల్లలు రీసెస్ విరామంలో చేతులు పట్టుకుని ఆడే ఆట ఒకటి కొత్తగా మొదలైందని, క్యాంటీన్ దగ్గర దారి మూసుకుపోతోందని, ఇకనుంచి గడ్డి మైదానంలో మాత్రమే ఆడాలని అందులో ఉంది. మా ఆయన దాన్ని పైకి చదివి నా వైపు చూశారు. మా అమ్మాయి ఫ్రిజ్‌లోంచి పెరుగు తీసుకుంటూ, చాలా మామూలు విషయంలా, ఆ ఆటకు రిఫరీ తనే అని చెప్పింది. ఎవరు ఎక్కడ దూరారో తనకే బాగా కనబడుతుందట, అందుకని క్లాసంతా కలిసి తనను పెట్టుకున్నారట. చెబుతున్నంతసేపూ ఒక చేతిలో పెరుగు డబ్బా, రెండో చేత్తో గాల్లో గొలుసులు గీస్తూనే ఉంది.