పగలగొట్టడానికి ఒక పెన్‌డ్రైవ్

నా ల్యాప్‌టాప్‌లోని హార్డ్‌డిస్క్‌ను మా ఆయన వంటింటి రోట్లో పెట్టి పచ్చడి బండతో పగలగొట్టాడు. అప్పట్లో ఆయన అనేదాన్ని. ఇప్పుడు అతను అనడమే ఎక్కువ. గవర్నర్‌పేటలో అతనిది కరెంటు సామాన్ల షాపు కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చు. నేను ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతున్నట్టు హిస్టరీలో చూసి, మరలు విప్పి డిస్క్ పీకాడు. అది ముక్కలయ్యాక అదే చేత్తో నన్ను కొట్టాడు. దవడ వాచి, అన్నం నమల్లేక మజ్జిగ తాగి పడుకున్నాను.

ల్యాప్‌టాప్ చచ్చిందనుకుని బీరువా మీద పడేశాడు. పెళ్ళికి ముందు నేను పామర్రులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేశాను. డిస్కులు పోయిన మిషన్లను పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ అనే సిస్టమ్ వేసి నడిపించేదాన్ని. అలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి నా దగ్గర మిగిలింది. కవర్లో చుట్టి పసుపు డబ్బా అడుగున దాచాను. అతను షాపుకి వెళ్ళగానే ల్యాప్‌టాప్ దించి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫోన్ నుంచి నెట్ ఇచ్చుకునేదాన్ని. ఆపేస్తే ఆనవాలు కూడా మిగలదు. సాయంత్రం వచ్చి నా ఫోన్ అంతా తిరగేసేవాడు. ఏమీ దొరక్కపోతే, దొరకనందుకు ఒకటి తగిలించేవాడు.

చివరికి హైదరాబాదులో స్కూలు పుస్తకాలు వేసే ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. నెట్ మీదే, మాటలతోనే. ఉద్యోగం వస్తే లేడీస్ హాస్టల్లో గది కూడా ఇస్తారు. నాకు జీతం కన్నా ఆ గది కావాలి. లోపల గడియ పెట్టుకుని పడుకునే గది. ఇంతలో అతను ల్యాప్‌టాప్‌ని సెకండ్‌హ్యాండ్ సామాన్లు కొనేవాడికి బేరం పెట్టాడు. అది చెయ్యిజారితే నా పని అయిపోయినట్టే.

లైనక్స్‌లో ఒక వెసులుబాటు ఉంది. మొదలయ్యేటప్పుడే చెబితే సిస్టమ్ మొత్తం ర్యామ్‌లోకి, అంటే మిషన్ లోపలి తాత్కాలిక మెమరీలోకి, ఎక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ పీకేసినా, బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తూనే ఉంటుంది. రోజూ అలా ఎక్కించి, పెన్‌డ్రైవ్‌ని వెంటనే పసుపు డబ్బాలో పెట్టేసేదాన్ని. మూత వేసినా ఆగకుండా సెట్టింగ్ కూడా మార్చుకున్నాను. ఇంటర్వ్యూ రోజు మాత్రం పెన్‌డ్రైవ్ తియ్యలేదు. దాని నీలం లైటు కనపడేలా కావాలనే వదిలేశాను. అతను వస్తే పగలగొట్టడానికి చేతికి ఏదో ఒకటి అందాలి.

వచ్చాడు. పొయ్యి మీద ఎసరు కూడా పెట్టకముందే తన తాళంతో తలుపు తీసుకుని వచ్చాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండటంతో నాకు వినపడలేదు. ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్‌కి జవాబు చెబుతుండగా వెనక నుంచి జుట్టు పట్టి లాగాడు. కుర్చీతో సహా పడ్డాను.

"చచ్చినదాన్ని మళ్ళీ ఎట్టా లేపావే?"

కడుపులో తన్నాడు. మళ్ళీ జుట్టు కోసం వంగినప్పుడు అతని చెయ్యి పట్టి కొరికాను. నోరంతా రక్తం, నాదో అతనిదో తెలియలేదు. ఆ కొరుకు తలుచుకుంటే నాకు ఇప్పటికీ తృప్తిగానే ఉంటుంది. అతను గోడకేసి నా తల కొట్టి విడిపించుకున్నాడు. అప్పుడు నీలం లైటు కంటపడింది.

"ఇదా? దీంతోనా నడుపుతున్నావు?"

పీకి వంటింట్లోకి తీసుకెళ్ళాడు. రోట్లో బండ దెబ్బలు వినపడ్డాయి. నేల మీద పడి ఉండి, వాటిని విన్నాను. కొట్టు, బాగా కొట్టు అనుకున్నాను.

తిరిగొచ్చి, స్క్రీన్ వంక చూడకుండానే ల్యాప్‌టాప్ మూత ఠపీమని వేశాడు. "రేపు దీన్ని అమ్మేస్తన్నా. లేచి అన్నం వండు," అన్నాడు. చేతి నుంచి రక్తం కారుతుంటే తువ్వాలు చుట్టుకుని, కట్టు కట్టించుకోవడానికి వెళ్ళాడు.

లేచి తలుపు లోపల గడియ పెట్టాను. మూత ఎత్తాను. స్క్రీన్ వెలుగుతూనే ఉంది. కిందికి వేలాడుతున్న ఇయర్‌ఫోన్ తీసి చెవిలో పెట్టుకున్నాను.

"అమ్మా, ఉన్నారా?" మేడమ్ అడుగుతూనే ఉంది. "మాకంతా వినపడిందండీ. ఇవాళ వద్దులెండి. ఇంకో రోజు పెట్టుకుందాం."

కొంగుతో నోరు తుడుచుకున్నాను.

"వద్దు మేడమ్. ఇంకో రోజుకి నా దగ్గర పెన్‌డ్రైవ్ లేదు. తర్వాతి ప్రశ్న అడగండి."