ఒక్క లాగుకు ఊడే బక్కిల్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, కుప్పం దగ్గర ఒక పాత గ్రానైటు గుంటలో, ఇరవై నిలువుల నీళ్ళ అడుగున, చావు నా గుండెల మీద కూర్చున్న రోజు గురించి రాస్తున్నాను! నీళ్ళలో పడిపోయిన మోటార్లను దిగి తీయడంలో నన్ను మించినవాడు లేడని పుంగనూరులో ఎవరినడిగినా చెబుతారు. ఆ గర్వమే నా చీకటి.

వీపున గాలి సిలిండరు కట్టుకునే పట్టీలకు బక్కిల్ పాడైతే, మదనపల్లెలో లారీ సామాన్ల అంగడికి వెళ్ళి, టమాటా లోడు కదలకుండా బిగించే పట్టా కొన్నాను, ఇనుప బిగింపుది. ఏళ్ళ తరబడి గట్టున నా తాడు పట్టుకునే వెంకటప్ప దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"ఒక్క లాగుకు ఊడేది తెచ్చుకో అప్పా. లోపల ఇరుక్కుంటే దీన్ని విప్పేదెట్ల?"

"ఊడిపోయేదానికి బక్కిల్ యాల? నువ్వు తాడు పట్టుకో, సాలు."

గుంట అడుగున పాత కేబులు నా సిలిండరుకు చుట్టుకుంది. సిలిండరు వదిలేస్తే పైకి తేలిపోవచ్చు, కానీ తడి చేతులకు ఆ ఇనుము లొంగలేదు, లాగేకొద్దీ బిగిసింది, గాలి అయిపోవచ్చింది, కళ్ళకు మసకలు కమ్మాయి! "ప్రభువా, బిగించుకున్నది నేనే, నువ్వే విప్పు" అని మనసులో మొరపెట్టాను. అంతలో ఒక చెయ్యి! నా తాడు పిచ్చిగా ఊగడం చూసి, వెంకటప్ప కొడవలితో దూకి, పట్టా కోసి నన్ను పైకి లాగాడు. ఊపిరి అందగానే నా మొదటి మాట "స్తోత్రం".

మహిమ దేవునిదైనప్పుడు అబద్ధం నాకెందుకు? ఇరవై కాదు, మూడు నిలువులే. ఇరవై అయితే ఊపిరి బిగబట్టి వెంకటప్ప ఎట్లా వస్తాడు?

ఇప్పుడు బక్కిల్ మార్చాను. అంగట్లోనే చేతులు తడుపుకుని, కళ్ళు మూసుకుని, కుడిచేత్తో, ఎడమచేత్తో లాగి చూశాను. ఊరికే తగిలితే ఊడకూడదు, కావాలని లాగితే ఆగకూడదు. అంగడాయన నవ్వాడు, నవ్వనీ!

తాగుడులోనో పంతంలోనో బిగుసుకుపోయినవారలారా, మన చేతులతో విప్పుకోలేమని ఒప్పుకుని ఆయనను నమ్మండి. ఆయన పంపే చెయ్యి పక్కింటివాడిదైనా కావచ్చు, తోసెయ్యకండి.

ఈ సాక్ష్యాన్ని మన సంఘ పత్రికకు పంపేముందు వెంకటప్పకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"స్తోత్రం అన్లేదప్పా నువ్వు. కొత్త పట్టా యాల కోసినావురా అని నన్ను తిట్టినావు."