పడవ మోటారులో ఇనుప మేకు

పోయిన నెల మా అక్క కొడుకు తన పడవకు కొత్త మోటారు కొన్నాడు. కర్నూలులో, ముప్పై ఏళ్ళ కిందట నేను మోటారు భుజాన వేసుకుని తిరిగిన ఆ అంగడిలోనే. ఇంటికి రాగానే సెల్లు నా ముందు పెట్టి, "మామా, అంగడాయప్ప నాలుగు మంచి మాటలు రాయమన్న్యాడు. నువ్వు ఆడ పాత గిరాకీవి కదా, నువ్వు సెప్పు, నేను కొడతా" అన్నాడు. సెల్లులో అంగడి పేరు కింద అయిదు చుక్కల్లో ఎన్ని వెలిగించాలో నాకు బాగా తెలుసు. మాటలే రాలేదు. "రేపు సెప్తాలే" అని లేచి వాకిట్లోకి వచ్చేశాను.

కర్నూలు ఎండలో పడవ మోటార్ల అంగడి అంటే కొత్తవాళ్ళు నవ్వుతారు. కానీ డ్యాము కట్టాక కృష్ణ నీళ్ళు వెనక్కి తన్ని మా పాత ఊరిని మింగాయి. గట్టు మీద కొత్త ఊరు కట్టుకున్న మాకు పడవే బస్సు అయింది. అప్పటి అంగడాయన తండ్రి మా పెద్దల బావులకు ఆయిలింజన్లు బాగుచేసేవాడట. బావులు మునిగాయి, రైతులు పడవలెక్కారు, అంగడి కూడా మాతోపాటే నీళ్ళలోకి దిగింది. మేమంతా ఆ అంగడాయన్ను చాచా అనేవాళ్ళం. ఎప్పుడు అడిగినా "ఎల్లుండి" అనేవాడు. ఆ ఎల్లుండి వారానికిగానీ వచ్చేది కాదు. విసుక్కుంటూనే అందరం ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. తర్వాత నీళ్ళ డ్రమ్ముకు మోటారు బిగించి తాడు లాగితే సందంతా పొగ, పెట్రోలు వాసన. ఎదుటి టీకొట్టాయన తిట్లు కూడా ఆ చప్పుడులో కలిసిపోయేవి.

మోటారు ఎవరు కొన్నా చాచా ఒక చిన్న గుడ్డమూట చేతిలో పెట్టేవాడు. అందులో, మోటారు కింద నీళ్ళలో తిరిగే ఫ్యానును గేరుకు బిగించే వేలెడంత ఇత్తడి పిన్నులు. "నీళ్ళకింద మీ ఊరు ఉండాది. మొద్దులుండాయి, మొండిగోడలుండాయి. ఫ్యాను దేనికన్నా తగిలితే ఈ పిన్ను ఇరగాల. ఇది ఇరిగితేనే లోపల గేరు బతుకుతాది. ఇంకోటి ఏసుకుంటే పడవ పోతాది. ఇనుముది మాత్రం ఎయ్యొద్దప్పా" అని ప్రతిసారీ చెప్పేవాడు.

ముప్పై ఏళ్ళ కిందటి ఒక ఎండాకాలం నీళ్ళు బాగా దిగిపోయాయి. పడవ అక్క భర్తది, మా బావది, నడిపేది నేను. రోజు మార్చి రోజు పిన్ను విరిగేది. నడినీళ్ళలో మోటారు పైకెత్తి పిన్ను మార్చుతుంటే ఎక్కినవాళ్ళు గొణిగేవాళ్ళు. మూటలో ఇంకా రెండున్నాయి. అయినా విసుగొచ్చి, ఒక ఇనుప మేకు కోసి బిగించాను. నాలుగు రోజులు ఏమీ కాలేదు. చాచాకంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

అయిదో రోజు పొద్దున మా అక్కకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని భయపడింది. ఆసుపత్రి అవతలి గట్టున. రోడ్డున చుట్టి పోతే సగం రోజు, పడవలో గంట. అమ్మ అక్క తలను ఒళ్ళో పెట్టుకుంది, బావ ముందు కూర్చున్నాడు. నడిమధ్యకు వచ్చేసరికి కింద ఏదో తగిలి పడవ ఎగిరిపడింది. లోపల పళ్ళు నూరినట్టు చప్పుడు. ఇంజను అరుస్తోంది, ఫ్యాను తిరగడం లేదు. మేకు విరగలేదు, గేరు విరిగింది. నా జేబులో రెండు ఇత్తడి పిన్నులు అట్లాగే ఉన్నాయి, ఇక ఎందుకూ పనికిరాకుండా. బావా నేనూ తెడ్లు వేశాం. గట్టు చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్క బతికింది. పుట్టిన ఆడబిడ్డ బతకలేదు.

ఆసుపత్రి వరండాలో, ఎవరూ అడగకముందే, నా నోటినుంచి వచ్చేసింది: "పోయిన తూరి ఆ చాచా పాత గేరు ఏసి పంపించినాడు బావా." సాయంత్రానికి ఆ మాట గట్టు గట్టంతా పాకింది.

మూడోరోజు బావ మోటారు ఎత్తుకుని కర్నూలు బయల్దేరాడు. నేనూ వెంట పోక తప్పలేదు. బావ అరుస్తుంటే చాచా మోటారు కిందిభాగం విప్పాడు. వంగిన మేకు ఆయన అరచేతిలో పడింది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, పిడికిలి మూశాడు.

"తప్పు నాదేనప్పా. గేరు మార్సాల్సింది. సూసుకోలేదు" అన్నాడు బావతో.

బావ ఆయన కాలరు పట్టుకున్నాడు. కొట్టలేక, అంగడి మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. చాచానే చెంబుతో నీళ్ళిచ్చాడు.

తర్వాత పడవలవాళ్ళంతా వేరే అంగడికి మళ్ళారు. చాచా డ్రమ్ము ఎండిపోయింది. పొలాల పంపుసెట్లు బాగుచేసుకుంటూ నెట్టుకొస్తున్నాడని వినేవాణ్ణి. కర్నూలు పోయినా ఆ సందులోకి పోయేవాణ్ణి కాదు. అక్కకు తర్వాత కొడుకు పుట్టి, వాడు పలక పట్టే వయసు వచ్చాకగానీ నాకు ధైర్యం చాలలేదు. ఒకరోజు పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"చాచా, ఆ మేకు..."

"నువ్వే పెట్టినావని ఆ పొద్దే తెలుసు" అన్నాడు, చేతిలో పని ఆపకుండా.

"మరి యాల సెప్పలేదు?"

"మీ బావ కండ్లు సూసినా. సెప్పింటే నిన్ను సంపేసుండేవాడు. ఒక ఇంట్లో ఎన్ని సావులప్పా?" స్పానరు కింద పెట్టాడు. "నాలుగు దినాలకు నువ్వే వచ్చి సెప్తావులే అనుకున్యా. శానా ఎదురుసూసినా. బోర్డు మీద ఉండేది మా నాయన పేరు."

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను. బావ లేచి గట్టువైపు వెళ్ళిపోయాడు. ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం శనక్కాయలు వలుస్తూనే ఉంది. "ఆ పొద్దు తెడ్డేస్తా ఏడుస్తాంటివి. నా మీద పేమకు అనుకున్యారా" అంది. అది కూడా నిజమేనని చెప్పాలనిపించింది. చెప్పే అర్హత నాకు లేదు.

మరుసటి వారం బావ మోటారు తీసుకుని తానే చాచా దగ్గరికి పోయాడు. రేవులో పదిమంది ముందూ జరిగింది చెప్పాడు, నా పేరుతో సహా. పడవలవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి ఆ అంగడికి పోయారు. చాచా ఇప్పుడు లేడు. ఆయన కొడుకు కూర్చుంటున్నాడు. నేను పోతే కుర్చీ వేస్తాడు. ఆ కుర్చీలో నేను ఎక్కువసేపు కూర్చోలేను.

ఆ ఆడబిడ్డ ఉంటే ఇప్పటికి ఎన్నేళ్ళుండేవో మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. కానీ ఎండాకాలం వచ్చి నీళ్ళు దిగిన ప్రతిసారీ, ఆమెకు ఇంకో ఏడు నిండిందని మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు.